కార్జంల నీళ్ల బుగ్గ

నేను సిరిసిల్ల దగ్గర ఒక సర్కారు బడిల బయాలజీ సారును. పరాన్నజీవుల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒక కుక్కను, ఒక గొర్రెను, ఒక మనిషిని గీసి బాణాలు పెట్టేటోన్ని. కుక్క పేగుల్ల చిన్న బద్దెపురుగు. కుక్క పెంటల దాని గుడ్లు. ఆ గుడ్లు పడ్డ గడ్డి మేసిన గొర్రె కార్జంల నీళ్ల బుగ్గ. ఆ కార్జం తిన్న కుక్క పేగుల్ల మళ్ల పురుగు. ఇట్ల గుండ్రంగ తిరుగుతది. మనిషి బొమ్మ కాడికి ఒక బాణం వస్తది గని ఆడికెళ్లి ఇంకెటూ పోదు. "మనిషిల సొచ్చిందంటే దానికి ముందుకు తొవ్వ లేదు" అని చెప్పేటోన్ని. పిల్లలు రాసుకునేటోళ్లు. ఆ బాణం నా కడుపులనే ఆగి ఉన్నదని నాకు నలభై ఒకటో ఏట తెలిసింది.

మాది కోరుట్ల దిక్కు ఊరు. కురుమోళ్లం. ఎండకాలం సెలవులు వస్తే నేను బాపు వెంట గొర్లకు పోయేది. రాత్రి కోసిన పొలాల్ల మంద పండుకుంటే, బాపు ఒక కొసకు, నేను ఒక కొసకు. నా గొంగడిల నాతోటి కుక్క కూడ పండుకునేది. అది నాకిన సర్వల నీళ్లు నేను తాగిన, నేను సగం తిన్న రొట్టె అది తిన్నది. బీరప్ప పండుగకు గొర్రెను కోస్తే ఒక్కోసారి కార్జం మీద తెల్లటి బుగ్గలు కనపడేటివి, లోపల నీళ్లు. "ఇది మనకు పనికిరాదు, కుక్కకెయ్యిరా" అనేటోడు బాపు. ఉరికిపోయి నేనే ఏసేది. ఆ పని నాకు ఇష్టం ఉండె. కుక్క తోక ఊపుకుంట వస్తది కదా.

2022 ఎండకాలంల కుడి పక్కటెముకల కింద బరువు మొదలైంది. నొప్పి కాదు, లోపల ఎవరో ఒక రాయి పెట్టి మర్చిపోయినట్టు. సిరిసిల్లల మేం కిరాయికున్న ఇల్లు బట్ట నేసే సాంచాల మధ్యనే. పొద్దుమాపు ఆ చప్పుడుకు అలవాటు పడ్డ మనిషిని, అసొంటిది ఆ చప్పుడు కూడ కడుపుల కొడుతున్నట్టు అనిపించేది. ఒక క్లినిక్కుల గ్యాస్ అన్నరు. తొమ్మిది నెలలు గ్యాస్ గోలీలు మింగిన. తర్వాత కుడి భుజం గుంజుడు మొదలైతే నరాల గోలీలు ఇచ్చిండ్రు. ఇంకొక దగ్గర స్కానింగు తీసి మామూలు నీటి తిత్తి అని రాసిచ్చిండ్రు. అక్కడి డాక్టరు "సూది పెట్టి నీళ్లు గుంజేస్తే అయిపాయె, పొద్దున వస్తే మాపటికి ఇంటికి పోవచ్చు" అన్నడు. తారీఖు కూడ పెట్టిండ్రు. నేను బడికి లీవు పెట్టిన.

మధ్యల ఒక పెండ్లికని జగిత్యాల పోయిన. అక్కడ మా మేనత్త కొడుకు బలవంతంగ ఒక పెద్దవయసు డాక్టరు దగ్గరికి తీస్కపోయిండు. ఆ సారు స్కాను ఫిల్ము చూసిండ్రు, కడుపు నొక్కి చూసిండ్రు, తర్వాత కండ్లద్దాలు తీసి అడిగిన మాట ఒక్కటే.

"చిన్నప్పుడు గొర్లు కాసినవా బిడ్డా?"

నాకు ఆ కుర్చీలనే ఒళ్లు చల్లబడ్డది. ఆయన ఇంకా ఏం చెప్పకముందే బోర్డు మీది నా బొమ్మ కండ్ల ముందల తిరిగింది. జువాలజీల డిగ్రీ, బీఈడీ, పదేండ్ల పాఠాలు. తొమ్మిది నెలలు ఒక్కనాడు కూడ నాకు అది తట్టలేదు. తట్టకపోవుడు ఎందుకో ఇప్పటికీ ఆలోచిస్త. పాఠం పుస్తకంలది అనుకున్న, కడుపు నాది అనుకున్న కావచ్చు.

సూది వద్దే వద్దని ఆ సారు చెప్పిండ్రు. ఆ బుగ్గల నీళ్లు నీళ్లు కావు. కంటికి కనపడని పురుగు తలకాయలు అండ్ల వేలకు వేలు ఉంటయి. ముందు మందు వాడకుండ, ఏందో తెల్వకుండ గుచ్చితే ఒక్క చుక్క కడుపుల కారినా, ఒక్కొక్క తలకాయ ఒక్కొక్క కొత్త బుగ్గ అయితది. అది ఏండ్ల మీద జరిగే సంగతి. అప్పటికప్పుడు జరిగేది ఇంకోటి ఉంది. ఆ నీళ్లు పడక బీపీ పడిపోయి మనిషి బల్ల మీదనే పోవచ్చు. నా తారీఖుకు ఇంకా నాలుగు రోజులే ఉండె.

సీటీ స్కానుల పదకొండు సెంటీమీటర్ల బుగ్గ, దాని లోపల పిల్ల బుగ్గలు. పేరు హైడాటిడ్. హైదరాబాదుకు పోయినం.

అక్కడి సర్జన్ గుంటూరు వైపు మనిషి. నన్ను "మాస్టారూ" అని పిలిచేటోడు. కాగితం మీద కార్జం బొమ్మ గీసి ఎనిమిది ముక్కలు చేసిండు. కార్జం పైకి ఒక్క ముద్దలెక్క కనపడ్డా, లోపల నెత్తురు గొట్టాలు, పైత్యం గొట్టాలు పంచుకున్న లెక్క ప్రకారం ఎనిమిది భాగాలని 1957ల క్లోద్ క్వినో అనే ఫ్రెంచాయన చెప్పిండట. సర్జన్లందరికీ ఇప్పటికీ అదే నక్ష. "మీది ఐదు, ఆరు భాగాల్లో ఉంది. ముందుకి, కిందకి. కెమెరా పెట్టి చేయడానికి అందుతుంది. అదే ఏడు, ఎనిమిదిలో ఉంటే వెనక, డయాఫ్రం చాటున ఉండేది, ఇంకా కష్టమయ్యేది" అన్నడు. ఆ మాటకు నేను సంబురపడ్డ. రోగం వచ్చినందుకు కాదు, మంచి మొహల్లాల వచ్చినందుకు.

చిన్న రంధ్రాలతోటి చేస్తరా అని మా ఆమె అడిగింది. "చేస్తాం. కానీ అవసరమైతే కోసి చేస్తామని కూడా సంతకం పెట్టండి" అన్నడు. ఆ కాగితం మీద నా చెయ్యి వణికి సంతకం బ్యాంకుల ఉన్న సంతకంతోటి కలవలేదు. పైసలకు పర్సనల్ లోను తీసుకున్న. చాలలేదు. 2017ల సర్కారు గొర్ల పథకం కింద డెబ్బై ఐదు శాతం సబ్సిడీ మీద బాపుకు ఇరవై గొర్లు, ఒక పొట్టేలు వచ్చినయి. ఆ మందల పెరిగిన పిల్లలను బాపు అంగడికి తోలి అమ్మి పైసలు తెచ్చిండు. గొర్లతోటి వచ్చిన రోగానికి గొర్లను అమ్మవడితిరి అని నేను నవ్వులకు అన్న. బాపు నవ్వలేదు.

ముందుగాల నాలుగు వారాలు ఆల్బెండజోల్ గోలీలు, పొద్దున ఒకటి, మాపు ఒకటి, 400 మిల్లీగ్రాములవి. నూనె, నెయ్యి ఉన్న తిండితోటి వేసుకుంటే ఒంటికి బాగ పడుతదట. బడిల పిల్లలకు నులిపురుగుల దినం నాడు ఇచ్చే గోలీనే అది. వాళ్లకు ఒక్కటే, నాకు రోజుకు రెండు. మధ్య మధ్యల నెత్తురు పరీక్షలు.

ఆపరేషన్ల ఏం జరిగిందో నాకు తెలిసింది తర్వాత. డిశ్చార్జి ముందల సర్జన్ తన కంప్యూటరుల వీడియో చూపించిండు. బయాలజీ సారువు కదా, చూడు అన్నట్టు. చూసిన. నా లోపలను నేను చూసుడు ఎట్లుంటదో చెప్పరాదు. గొర్రెను కోసినప్పుడు చూసిన రంగులే.

బొడ్డు కాడ ఒకటి, మూడు వేరే, మొత్తం నాలుగు రంధ్రాలు. కార్బన్ డయాక్సైడు నింపి పొట్టను గుడారంలెక్క లేపిండ్రు. ఆ గాలి ఒత్తిడి 12 దగ్గర ఉంచుతరట, బీపీ మిషను లెక్కల. మొదలు కార్జానికి పోయే నెత్తురు గొట్టాల చుట్టు ఒక పట్టీ తిప్పి పెట్టిండ్రు. నిమిషానికి దగ్గర దగ్గర లీటరున్నర నెత్తురు పోయే జాగ అది. ఎక్కడన్న తెగితే ఆ పట్టీ బిగిస్తే వరద ఆగుతది. 1908ల గ్లాస్గోల ప్రింగిల్ అనే సర్జన్ చెప్పిన ఉపాయం. అప్పుడు ఆయన వేళ్లతోటి పట్టిండు. నాకు ఆ పట్టీ బిగించుడు అవసరం పడలేదు.

తర్వాత ఇరవై శాతం ఉప్పునీళ్లల్ల ముంచిన గాజు గుడ్డలు తెచ్చి బుగ్గ చుట్టు పేర్చిండ్రు. మడి చుట్టు ఒడ్డు పెట్టినట్టే. ఒక్క చుక్క అటు కారినా ఆ ఉప్పుల చావాలె. ఆ ఒడ్డు పెట్టుడుకే శానా సేపు పట్టింది. వీడియోల ముందుకు జరుపుదామా అని సర్జన్ అడిగిండు, వద్దన్న. సన్నటి కడ్డీలతోటి, చెయ్యి పెట్టకుండ, తడి గుడ్డలు ఒకదాని పక్క ఒకటి. మా ఇంటి దగ్గర సాంచ మీద తెగిన పోగు అతికేటోళ్ల వేళ్లు గుర్తుకొచ్చినయి.

బుగ్గను పొడిచేందుకు వేరే గొట్టం ఉంది. కోయంబత్తూరుల ఉండే డాక్టర్ పళనివేలు తయారు చేసిందట, ఆయన పేరుతోనే పిలుస్తరు. గొట్టంల గొట్టం. మొన బుగ్గల దిగుతుండంగనే పక్కకు కారేది కారకముందే గుంజుకుంటది. 2006ల ఆయన దాని మీద 66 మంది రోగుల లెక్క రాసిండు. వీడియోల ఆ మొన దిగే కాడ మా సర్జన్ మాట్లాడుడు ఆపిండు. ఆపరేషన్ గదిల అప్పుడు మత్తు డాక్టరు అడ్రినలిన్ సూది చేతుల పట్టుకుని నిలబడ్డదట.

నీళ్లు తేటగ వచ్చినయి. వాళ్లు చూసేది అదే. తేటగ ఉంటే పైత్యం గొట్టంతోటి సందు లేనట్టు. పచ్చగ వస్తే లోపల ఉప్పునీళ్లు పొయ్యద్దు, పైత్యం గొట్టాలు కాలిపోతయి. తేటగనే ఉంది కాబట్టి ఉప్పునీళ్లు పోసి పది నిమిషాలు ఆగిండ్రు. గుంజిండ్రు. పైకప్పు కోసి లోపలికి కెమెరా పెడితే తెల్లటి పొర, ఉడికిన గుడ్డు మీది పొరలెక్క, దాని నిండ ముంజలసొంటి పిల్ల బుగ్గలు. అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిల వేసి, మూతి కట్టి, బొడ్డు కాడికెళ్లి గుంజిండ్రు.

అంత అయినంక, గోడ మూలకు ఒక చిన్న పచ్చ చుక్క. లోపలి ఒత్తిడి పోయినంక తెరుచుకున్న సందు. దాన్ని లోపలనే దారంతోటి కుట్టి, పక్కనున్న కొవ్వు పొరను తెచ్చి ఖాళీ జాగల నింపి, ఒక గొట్టం బయటికి పెట్టిండ్రు.

నాకు తెలివి వచ్చినప్పుడు కడుపు కంటే భుజం ఎక్కువ గుంజింది. ఆ గాలి వల్లనట. రెండో రోజు కూసున్న. పక్క మంచం మీద కడుపు పొడుగునా కోసిన మనిషి దగ్గడానికి కూడ భయపడుతుండె. ఆయన భార్య నన్ను చూసి "మీరు అదృష్టవంతులు" అన్నది. నేను కూడ అనుకున్న.

మూడో రోజు గొట్టం సంచిల పచ్చటిది దిగింది. పసుపు కాదు, చింతాకు రంగు. కుట్టిన కాడ మళ్ల సందు పడ్డది. పొద్దుగూకేసరికి మూడు వందల మిల్లీలీటర్లు. రాత్రి చలిజ్వరం. సర్జన్ దాచలేదు. "ఇది జరిగే పని, మాస్టారూ. జరగకూడదనే కుట్టాం, జరిగింది" అన్నడు. నోట్లకెళ్లి కెమెరా పంపి పైత్యం గొట్టంల ఒక స్టెంటు పెట్టిండ్రు, పైత్యం సులువు దారిన పేగుల్లకు పోవాలని. అయినా సంచి తీయలేదు. సంచితోటే ఇంటికి పంపిండ్రు.

ఐదు వారాలు. అంగీ కింద సంచి. మా ఆమె పొద్దున, మాపు ఒక కొలత గ్లాసుల పోసి నోటుబుక్కుల రాసేది. 280. 260. మళ్ల 310. ఆ రోజు మా ఆమె వంట చెయ్యలేదు. 190. 120. చూడవచ్చిన ప్రతి ఒక్కరు "చిన్న బొక్కలే కదా సార్, గింత పలచబడ్డరేంది" అన్నరు. ఎవరికి ఏం చెప్పాలె. బొక్క చిన్నదే, రోగం పదకొండు సెంటీమీటర్లు. నిద్ర రాక ఫోనుల చదువుకుంట పోతే, నార్వేల 280 మంది మీద చేసి 2018ల వేసిన ఒక లెక్క దొరికింది. అది క్యాన్సర్ గడ్డల సంగతి, నాది కాదు. కోసి చేస్తే నూటికి 31 మందికి ఇబ్బందులు, కెమెరాతోటి చేస్తే 19 మందికి. ఆ పందొమ్మిదిలసొంటి వైపు నేను పడ్డ. లెక్కలు చెప్పే సారుకు కూడ తన ఒంటి మీదికి వస్తే శాతాలు పనికిరావు. ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు.

40. 15. మూడు రోజులు సున్నా. గొట్టం గుంజిన్నాడు నేను ఏడ్చిన, నొప్పికి కాదు. కొన్ని వారాలకు స్టెంటు కూడ తీసిండ్రు. గోలీలు ఇంకా నడిచినయి.

ఇంట్ల అందరికి స్కానింగు తీయించిన. మా ఆమెకు, పిల్లలకు ఏం లేదు. అవ్వకు లేదు. బాపు రాలేదు. "డెబ్బై ఏండ్లు నాతోని ఉన్నదాన్ని ఇప్పుడు పలకరించుడెందుకు" అన్నడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

పోయిన బీరప్ప పండుగకు కోరుట్ల పోయిన. సిరిసిల్ల నుంచి వేములవాడ, చందుర్తి, రుద్రంగి, కథలాపూర్ మీదికెళ్లి బండి మీద పోతుంటే గుంతల కాడ ఇంకా పక్క చేత పట్టుకుంట. గొర్రెను కోసిండ్రు. కార్జం మీద ఒక బుగ్గ. చిన్నదే, గోలీకాయంత. అందరు నా మొఖం చూసిండ్రు. బాపు ఏం అనలేదు. కార్జాన్ని ఆకుల చుట్టి, పార తీసుకుని, కొట్టం ఎనుక మోకాలు లోతు గుంత తవ్వి పూడ్చిండు. పైన రాయి పెట్టిండు. కుక్క కొంచెం దూరంల కూసోని చూసింది.

తెల్లారి లేచి చూస్తే రాయి పక్కకు జరిగి ఉంది. గుంత తవ్వి ఉంది. కుక్క బండి కింద పండుకుని ఉంది.

బాపు గుంత దిక్కు చూసి, నా దిక్కు చూసిండు. "దానికి కూడ గోలీ ఉంటదంటివి గదా" అన్నడు.

ఉంటది. ప్రాజిక్వాంటెల్. మింగిన తలకాయలు కుక్క పేగుల్ల పెరిగి గుడ్లు పెట్టేదానికి ఆరు వారాలైనా పడుతది. దానికి ముందే వెయ్యాలె. నేను బండి తాళంచెవి తీసుకుని కోరుట్ల పశువుల దవాఖానకు బయలెల్లిన. బాపు ఎనుక ఎక్కి కూసున్నడు.