కమీషన్ ఎగ్గొడితే మిగిలేదెంత?

ఫ్రీలాన్సింగ్ ఆదాయం లెక్క రాసుకునేటప్పుడు ప్లాట్‌ఫామ్ కమీషన్‌ను నేను నష్టంగా చూడను, వ్యాపార ఖర్చుగానే చూస్తాను. ఆ ఖర్చు చిన్నదేమీ కాదు. ఫైవర్ మన సంపాదనలో 20 శాతం పట్టుకుంటుంది. అప్‌వర్క్ 2023లో అందరికీ 10 శాతం చేసి, 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకు 0 నుంచి 15 శాతం దాకా వసూలు చేస్తోంది. ఈ కోత చూశాక, క్లయింట్ ఎలాగూ దొరికాడు కదా, డబ్బు నేరుగా తెప్పించుకుంటే పోలా అనిపించడం సహజం. కానీ లెక్క వేసి చూడండి. 500 డాలర్ల పనులు పది చేస్తే 10 శాతం చొప్పున మొత్తం కమీషన్ 500 డాలర్లు. ఆ పదీ బయట చేసి, ఒక్క క్లయింట్ ఎగ్గొట్టినా మిగుల్చుకున్నదంతా అక్కడికి సరి. ఇద్దరు ఎగ్గొడితే చేతి చమురు వదిలినట్టే.

పైగా ఆ కమీషన్‌తో మనం కొనేది పరిచయం ఒక్కటే కాదు, రుజువు కూడా. అప్‌వర్క్‌లో ఫిక్స్‌డ్ ప్రైస్ పనికి క్లయింట్ ముందుగా మైల్‌స్టోన్ డబ్బు ఎస్క్రోలో, అంటే పని పూర్తయ్యేదాకా ప్లాట్‌ఫామ్ దగ్గరే ఉండే ఖాతాలో, జమ చేయాలి. మనం ‘సబ్మిట్’ బటన్ నొక్కి పని అప్పగించాక 14 రోజులు అతను ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే డబ్బు దానంతటదే విడుదలవుతుంది. అదే ఫైల్‌ని చాట్‌లో పంపి ఊరుకుంటే ఆ గడువు మొదలే కాదు. గంటల లెక్కన చేసే పనికి ట్రాకర్ దాదాపు ప్రతి పది నిమిషాలకూ ఒక స్క్రీన్‌షాట్ తీస్తుంది. ఇది చాలామందికి చిరాకే. అయితే చెల్లింపు హామీ నిలబడేది వాటి మీదే, చేత్తో ఎక్కించిన గంటలకు ఆ హామీ వర్తించదు. విజయవాడలో కూర్చుని అమెరికా క్లయింట్ మీద 500 డాలర్లకు దావా వేయలేం కాబట్టి, ఈ రుజువులే మనకు దిక్కు.

మోసగాళ్లకు ఇది మనకన్నా బాగా తెలుసు. అందుకే పని వివరం చెప్పకముందే ‘టెలిగ్రామ్‌లోకి రండి’ అంటారు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజనో సెక్యూరిటీ డిపాజిట్ అనో అడుగుతారు. పని ఇచ్చేవాడు డబ్బు అడిగాడంటే అక్కడ పని లేనట్టే. ‘మీ ప్రొఫైల్ అద్దెకివ్వండి, నెలనెలా ఇంత ఇస్తాం’ అనే బేరం ఇంకా ప్రమాదం. మన గుర్తింపు పత్రాలతో తెరిచిన ఖాతాలో ఎవరు ఏం చేసినా ముందు జవాబు చెప్పుకోవాల్సింది మనమే. ఇతరుల డబ్బును మన బ్యాంకు ఖాతా గుండా మళ్లించడమూ అంతే. సైబర్ ఫిర్యాదు వస్తే ఖాతా స్తంభించిపోతుంది. ఒకవేళ మోసపోతే, ఎదుటివాడు తిరిగి ఇస్తాడని ఎదురుచూడకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఏళ్లుగా నమ్మకంగా డబ్బిస్తున్న క్లయింటుకు కూడా కమీషన్ ఎందుకు కట్టాలని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అలాంటి క్లయింట్ ఎగ్గొట్టే అవకాశం పదిలో ఒకటి కన్నా చాలా తక్కువ. అయితే డబ్బు బయట తీసుకోవడం ప్లాట్‌ఫామ్ నిబంధనకు విరుద్ధం కాబట్టి, ఇక్కడ పణంగా పెడుతున్నది ఒక బిల్లును కాదు, మొత్తం ఖాతాని, దానితోపాటు కూడబెట్టుకున్న రివ్యూలని. దొడ్డిదారి అవసరమూ లేదు. అప్‌వర్క్ నిబంధన ప్రకారం పరిచయమైన నాటి నుంచి రెండేళ్లు దాటాక బయట పనిచేయవచ్చు, అంతకుముందే కావాలంటే రుసుము కట్టి విడిపోవచ్చు. ప్లాట్‌ఫామ్‌లు క్లయింట్ వైపే మొగ్గుతాయని, కారణం సరిగా చెప్పకుండా ఖాతాలు ఆపేస్తాయని మరో ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. దానికి మందు నిబంధన తప్పడం కాదు, ఒక్కచోటే ఆధారపడకపోవడం. వచ్చిన డబ్బు అక్కడే నిల్వ ఉంచకుండా ఎప్పటికప్పుడు బ్యాంకుకు తెచ్చుకోవాలి. కాంట్రాక్టులు, ఇన్‌వాయిస్‌లు, చాట్‌ల కాపీలు సొంతంగా దాచుకోవాలి. ఆదాయపు పన్ను రిటర్ను వేసేటప్పుడూ అవే పనికొస్తాయి. కొన్ని నెలల ఇంటి ఖర్చు పక్కన ఉంటే ఖాతా ఆగినా కాళ్లూ చేతులూ ఆడకుండా పోవు.

ఇక కమీషన్ భారం తగ్గించుకోవాలంటే బేరం ఆడాల్సింది రేటు దగ్గర. చేతికి 450 డాలర్లు రావాలంటే, 10 శాతం కోత ఉన్నచోట మొదటే 500 అడగాలి. ఆ 50 అడగడానికి మొహమాటపడి, తర్వాత దొంగచాటుగా మిగుల్చుకోబోతే పోయేది 50తో ఆగదు.