ఎవరి పాపమూ కాదు



ఈ సంగతి రాయమని మా అక్కే నన్ను అడిగింది. "నువ్వు బడి పంతులమ్మగా చేశావు గదా, నాలుగు ముక్కలు రాయి. నాలాంటి తల్లి ఎక్కడో ఒకతె ఉంటుంది, ఆమెకైనా ఉపయోగపడుతుంది" అన్నది. నలభై ఏళ్ళకు పైగా మా ఇంట్లో ఎవరమూ నోరు విప్పని సంగతి ఇది. ఇందులో నా తప్పు కూడా ఉన్నది. దానిని దాచకుండా రాస్తున్నాను.

1980 ఫిబ్రవరి 16, శనివారం. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. పెద్దవాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మహబూబ్‌నగర్, నల్గొండ, ఖమ్మం జిల్లాల మీదుగా ఆ నీడ సాగిపోయింది. మధ్యాహ్నం మూడు దాటాక పట్టపగలే చీకటి పడ్డట్టయి కోళ్ళు గూళ్ళకు చేరుకున్నాయి. వీధిలో మనిషి అలికిడి లేదు. అక్క అప్పుడు ఖమ్మం జిల్లాలోనే అత్తగారింట్లో ఉన్నది. అయిదో నెల. గర్భిణి కదలకూడదని, కత్తి పట్టకూడదని చెప్పి అత్తగారు ఆమెను గదిలో పడుకోబెట్టారు. మాది మూడు తరాల నుండి క్రైస్తవ కుటుంబం. అయినా ఆదివారం వచ్చేసరికి గుడి, గ్రహణం వచ్చేసరికి గ్రహణం అన్నట్టుండేది మా విశ్వాసం.

జూన్ నెలాఖరులో మా పుట్టింట్లోనే అక్కకు కాన్పయింది. మగబిడ్డ. మంత్రసాని బిడ్డను ఎత్తిచూసి, ఏమీ మాట్లాడకుండా మా అమ్మ చేతిలో పెట్టింది. బిడ్డ పై పెదవి ముక్కు దాకా చీలి ఉన్నది. నోరు తెరిస్తే లోపల అంగిలి కూడా రెండుగా కనబడింది. దీనినే మన పల్లెల్లో గ్రహణం మొర్రి అంటారు. చూశారా, ఆ పేరులోనే తీర్పు ఉన్నది!

వచ్చినవాళ్ళందరూ అడిగింది ఒక్కటే ప్రశ్న: "గ్రహణం రోజున ఏం చేశావే పిల్లా?" అక్క ఏడ్చి ఏడ్చి, "మధ్యలో లేచి మంచినీళ్ళు తాగాను" అని చెప్పింది. అంతే, ఆ మంచినీళ్ళే నేరమైపోయాయి. మా సంఘంలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు గ్రహణం మాట ఎత్తలేదు గాని, "ఏదైనా ఒప్పుకోని పాపం ఉంటే ఒప్పుకో అమ్మా" అన్నారు. రెండు మాటలకూ తేడా ఏమున్నది?

బిడ్డ రొమ్ము పట్టలేకపోయేవాడు. పట్టబోతే జారిపోయేది. పోసిన పాలు ముక్కులోంచి వచ్చేవి. ఉక్కిరిబిక్కిరై నీలం తిరిగేవాడు. గ్రహణం గురించి అడిగినవాళ్ళు అంతమంది ఉన్నారు గాని, బిడ్డ కడుపులోకి పాలు ఎలా వెళ్తున్నాయని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. రోజురోజుకూ చిక్కిపోయి ఇరవై మూడో రోజు తెల్లవారుజామున కన్నుమూశాడు.

ఇక నా సంగతి. అప్పుడు నాకు పదహారేళ్ళు. ఒక సాయంత్రం నా స్నేహితురాళ్ళు బిడ్డను చూస్తామని వచ్చారు. నాకు సిగ్గనిపించింది. వాళ్ళు గడప దాటేలోగా గబగబా వెళ్ళి బిడ్డ ముఖం మీద తువ్వాలు కప్పి, "నిద్రపోతున్నాడు" అని చెప్పాను. మంచం మీద నుండి అక్క నన్ను చూసింది. ఒక్క మాట కూడా అనలేదు. ఆ చూపు నేను ఈ నాటికీ మరచిపోలేదు.

ఆ తరువాత చాలా ఏళ్ళకు, ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్న రోజుల్లో, ఒక డాక్టరమ్మ ద్వారా అసలు సంగతి తెలుసుకున్నాను. తల్లి కడుపులో శిశువు ముఖం రెండు పక్కల నుండి పెరుగుతూ వచ్చి మధ్యలో కలుసుకుంటుంది. పై పెదవి గర్భం మొదటి రెండు నెలల్లోనే కలిసిపోతుంది. ఆ వెనుకనే, మూడో నెల ముగిసేలోగా అంగిలి కలుస్తుంది. ఎక్కడైనా ఆ కలయిక జరగకపోతే అక్కడ చీలిక మిగిలిపోతుంది. సుమారు వేయి కాన్పులకు ఒకటి ఇలా అవుతుంది. అన్ని దేశాల్లోనూ, అన్ని మతాలవారిలోనూ ఉన్నది.

నేను ఆ రాత్రి వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను. జూన్ నెలాఖరులో పుట్టినవాడికి పెదవి ఏర్పడే సమయం అంతకు ముందటి నవంబరు. అంగిలి కూడా డిసెంబరు దాటకముందే ఏర్పడి ఉండాలి. గ్రహణం పట్టింది ఫిబ్రవరిలో! అక్క ఆ మంచినీళ్ళు తాగేనాటికే ఆ చిన్ని నోరు ఎలా ఉండాలో అలా ఏర్పడిపోయి రెండు నెలలు గడిచింది. ఒక మనిషిని ఇన్నేళ్ళు కాల్చిన మాటను పడగొట్టడానికి ఒక్క కాలెండరు చాలు. కాని ఆనాడు ఎవరమూ కాలెండరు చూడలేదు.

మరి కారణమేమిటి? చాలామందిలో ఇదీ అని ఒక్క కారణం చెప్పలేము. కొంత వంశంలో నుండి రావచ్చు. గర్భిణి పొగతాగడం, మద్యం, మూర్ఛ వ్యాధికి వాడే కొన్ని మందులు, అదుపులో లేని చక్కెర వ్యాధి ప్రమాదాన్ని పెంచుతాయి. మూర్ఛ మందులు వాడేవారు తమంతట తాము మానేయకూడదు, గర్భానికి ముందే డాక్టరును అడగాలి. దగ్గరి మేనరికాలలో కొన్ని రకాల పుట్టుక లోపాలు ఎక్కువగా కనబడతాయన్నది కూడా నిజం. పెళ్ళి మాటలప్పుడే పెద్దలు దీనిని ఆలోచించాలి గాని, బిడ్డ పుట్టాక తల్లిని అనడానికి కాదు. వెన్నెముక సరిగా మూసుకోకపోవడం వంటి కొన్ని లోపాలను ఫోలిక్ ఆమ్లం మాత్రలు చాలావరకు అడ్డుకుంటాయి. వాటిని గర్భం రాకముందు నుండే వేసుకోవాలి.

2017లో మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ బిడ్డను తెచ్చి చూపించగానే నా కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. అదే పెదవి, అదే అంగిలి. నేను ఏడుస్తూ కూర్చుండిపోయాను. అక్కకు కబురు వెళ్ళింది. సాయంత్రం బస్సుకు వచ్చింది. ఆమె చేతిసంచిలో ఒక ఉగ్గుగిన్నె. బిడ్డను చూసి కన్నీళ్ళు పెట్టుకోలేదు. నేరుగా నర్సమ్మ దగ్గరకు వెళ్ళి, "పాలు ఎలా పట్టాలో నాకు నేర్పండి" అన్నది.

ఆ ఉగ్గుగిన్నె మా అమ్మది. 1980లో కూడా మా ఇంటి అటక మీద అది ఉన్నది! తల్లిపాలు పిండి, బిడ్డను పడుకోబెట్టకుండా సగం కూర్చున్నట్టు నిటారుగా పట్టుకుని, ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో కొద్దికొద్దిగా పోయాలి. నాలుగు గుక్కలకొకసారి ఆపాలి. గాలి ఎక్కువగా మింగుతారు గనుక మధ్య మధ్య భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించాలి. వారం వారం బరువు చూపించాలి. గిన్నెను ప్రతిసారీ మరిగించాలి. అక్క రాత్రింబవళ్ళు ఈ పని చేసింది. మా అమ్మాయి నిద్రపోయింది. బిడ్డ పెరిగింది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద పుట్టుక లోపాలున్న పిల్లలను గుర్తించి, ఉచితంగా వైద్యం చేయిస్తారు. మొర్రితో పాటు వంకర పాదాలు, గుండె లోపాలు, పుట్టు చెవుడు, పుట్టు శుక్లాలు కూడా అందులో ఉన్నాయి. ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచరునో అడిగితే దారి చూపుతారు. 1999లో మొదలైన స్మైల్ ట్రెయిన్ అనే ధర్మసంస్థ కూడా మన దేశంలో అనేక ఆసుపత్రుల ద్వారా ఈ ఆపరేషన్లు ఉచితంగా చేయిస్తున్నది. మా మనవరాలికి నాలుగో నెలలో పెదవికి, పదకొండో నెలలో అంగిలికి ఆపరేషన్ అయింది. అంతటితో అయిపోయిందని అనుకోకూడదు. మాట శిక్షణ, చెవుల పరీక్ష, పళ్ళ వరుస చూపించుకోవడం ఏళ్ళ తరబడి సాగుతాయి.

ఆపరేషన్‌కు ముందు, బిడ్డకు రెండు నెలలప్పుడు, ప్రార్థన కోసం గుడికి తీసుకువెళ్ళాము. మా అమ్మాయి బిడ్డ ముఖం మీద కొంగు కప్పి కూర్చున్నది. ఆరాధన ముగిశాక సంఘమంతా చూస్తుండగా అక్క లేచివచ్చి, ఆ కొంగు మెల్లగా తీసి, "మా మనవరాలు. చూడండి, ఎంత చక్కగా నవ్వుతున్నదో!" అన్నది. నేను తల వంచుకున్నాను. ఇంటికి వచ్చాక అక్క కాళ్ళ దగ్గర కూర్చుని ఆ తువ్వాలు సంగతి ఎత్తాను. "నువ్వు చిన్నపిల్లవే. పెద్దవాళ్ళే వాడి ముఖం చూడలేకపోయారు" అన్నది. ముప్పై ఏడేళ్ళకు నాకు క్షమాపణ దొరికింది.

ప్రియులారా, యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివానిని చూసి శిష్యులు అడిగినది కూడా మనం అడిగే ప్రశ్నే: పాపం ఎవరిది, వీనిదా, కన్నవారిదా? ఇద్దరిదీ కాదన్నారు ప్రభువు. ఆ మాటతో ఆగక, ఆ మనిషి కోసం వెంటనే పని మొదలుపెట్టారు. మనం ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాము.

మీ సంఘంలో ఇలాంటి బిడ్డ పుడితే, అందరి బిడ్డలను చూడటానికి వెళ్ళినట్టే వెళ్ళండి. బిడ్డ పేరు అడిగి ఆ పేరుతోనే పిలవండి, లోపం పేరుతో పిలవవద్దు. "ఎందుకిలా అయింది?" అనకండి. "పాలు తాగుతున్నదా? నువ్వు అన్నం తిన్నావా?" అని అడగండి. దేవుని చిత్తం అని తేలికగా చెప్పి వచ్చేయకండి. స్త్రీల సమాజంవారు వంతులవారీగా ఒక పూట కూర పంపవచ్చు. ఆసుపత్రి ప్రయాణానికి ఒకరు తోడు వెళ్ళవచ్చు. తండ్రికి కూలి పోయిన రోజుల లెక్క చూసి సంఘం చేయి అందించవచ్చు. మిగిలిన పిల్లలను రెండు రోజులు ఎవరైనా తమ ఇంట ఉంచుకోవచ్చు. వైద్యంతో నయం కాని లోపాలు కూడా ఉంటాయి, బ్రతకని బిడ్డలూ ఉంటారు. అలాంటప్పుడు ఆ తల్లి తన బిడ్డ గురించి చెప్పుకునేటప్పుడు లేచిపోకుండా కూర్చుని వినడమే పెద్ద పరిచర్య.

మొన్న సండే స్కూలు పిల్లల కార్యక్రమంలో మా మనవరాలు కంఠతా వాక్యం చెప్పింది. ఒకటి రెండు అక్షరాలు ఇంకా ముక్కులోంచి వస్తాయి. ముందు వరుసలో కూర్చున్న అక్క పెదవులు దానితో పాటే కదులుతున్నాయి. ఇంటికి వచ్చే దారిలో అక్క అన్నది: "మావాడికి పేరు పెట్టలేదే. మీ అందరితో అనలేదు గాని నేనొకటి అనుకున్నాను." అప్పుడు మొదటిసారి ఆ పేరు నాకు చెప్పింది. ఇప్పుడు మా కుటుంబ ప్రార్థనలో ఆ పేరు కూడా తలచుకుంటున్నాము.