నేను బిగ్గరగా చదువ నేర్చిన విధము

నేను తొమ్మిదవ తరగతిలో నుండగా ఒకనాడు తెలుగు పండితులు నన్ను పాఠశాల సభలో నిలిపి, పోతన గజేంద్రమోక్షములోని యొక మత్తేభమును చదువుమనిరి. లక్ష్మీదేవితో నొక్క మాటయైనను చెప్పక విష్ణుమూర్తి బయలుదేరు ఘట్టమది. మత్తేభమునకు పదునాలుగవ అక్షరము యతిస్థానమని ముందు వారముననే నేర్చియుంటిని. యతి యనగా విరామమని తలచి, ప్రతి పాదమునను అచ్చట ఆగితిని. మొదటి రెండు పాదములలో మాటలు అచ్చటనే ముగియుటచే నా యజ్ఞానము బయటపడలేదు. మూడవ పాదమున "వివాద" మను మాట "వివా" యొద్ద విరిగెను. వెనుక బల్లలనుండి నవ్వు వినవచ్చెను. అక్షరములు అలికినట్లయ్యెను, నాలుక యెండెను, నాల్గవ పాదము నోట రాలేదు. పుస్తకము మూసి కూర్చుంటిని.

నాటినుండి చదువు వంతు వచ్చునన్న, కడుపునొప్పి యని చెప్పి ఇంటనే యుండిపోవుచుంటిని. ఓదార్చుటకై ఒక మిత్రుడు గాంధీమహాత్ముని ఆత్మకథ తెచ్చి యిచ్చెను. ఆయన 1888 నుండి 1891 వరకు ఇంగ్లండులో న్యాయశాస్త్రము చదివిన కాలమున, వెంట్నరు అను ఊర శాకాహారమును గూర్చిన సభలో తాను వ్రాసికొన్న ఒక్క కాగితమును చదువలేక వణకి, మిత్రునిచేత చదివించెనట. దానివలన నాకు ధైర్యము కలుగకపోగా, అంతటివానికే సాధ్యము కానిది నాకెట్లగునని దిగులు హెచ్చెను!

వేసవి సెలవులలో మా నాయనమ్మకు కండ్లలో శుక్లములు ముదిరి అక్షరములు కనబడుట మానెను. శస్త్రచికిత్సను చలికాలమునకు వాయిదా వేసికొని, ప్రతి సాయంకాలము భాగవతము చదివి వినిపింపుమని నన్నడిగెను. వినునది ఆమె యొక్కతయే గదా యని ఒప్పుకొంటిని.

"ఎవరు తరుముచున్నారురా నాయనా? మాట ముగిసినచోట ఊపిరి తీసికొనుము, పాదము ముగిసినచోట గాదు" అనెను. సంస్కృతమున యతి విరామమే గాని, తెలుగున అది పాదము మొదటి యక్షరముతో మైత్రి గల స్థానము. అచ్చట ఆగవలెనను నియమము లేదు. ఈ సంగతి నేను తరగతిలో విని యుందును, తలకెక్కలేదు. ఇక మాటలనడుమ పెన్సిలుతో సన్నని గీతలు గీచికొని చదువ మొదలిడితిని. ఏనుగు అలసి దైవమును పిలుచుచోట ఆమె చెంగుతో కన్నులొత్తుకొనుచుండెను. అట్టి వేళ నేనెట్లు చదువుచున్నానను చింత నాకు లేదు. తరువాతి పద్యము వినిపింపవలెనను ఆత్రమే యుండెను.

దసరా సెలవులకు ముందు జరిగిన సభకు, ఆ మత్తేభమునే చదువుదునని నాయంతట నేనే పేరిచ్చితిని. నాయనమ్మను చేయి పట్టి తీసికొనిపోయి ముందు వరుసలో కూర్చుండబెట్టితిని. కాళ్లు వణకలేదని వ్రాసిన అబద్ధమగును. కంఠము మాత్రము నిలిచెను. ఎవరును నవ్వలేదు, చప్పట్లును కొట్టిరి.

తిరిగివచ్చు దారిలో ఆమె, "బాగుగా చదివితివిరా. అయితే ఆ మూడవ పాదమేదీ?" అనెను.

గుర్తు చేసికొనగా నిజమే. రెండవ పాదమునుండి నాల్గవదానికి దాటిపోతిని.

"నాయనమ్మా, ఆ పద్యము నీకు కంఠస్థమా?"

"ఆ ఘట్టమంతయు మా నాయన పొలముగట్టున పాడుచుండగా నేర్చినదే."

"మరి వేసవియంతయు నాచేత నేల చదివించితివి?"

"కండ్లు కనబడవు గదురా!" అని నా భుజముపై చేయివేసి నడిచెను.