బిగింపు ఖాతా

సీఎన్‌సీ రూటర్ కొనాలనుకునేవాళ్ళు నా దగ్గరికి వస్తే స్పిండిల్ ఎన్ని కిలోవాట్లది, బల్ల ఎన్నడుగులు, మోటార్లు ఏ రకం అని అడుగుతారు. చెక్కను ఆ బల్ల మీద దేంతో పట్టి ఉంచుతున్నావు అని అడిగినవాళ్ళు తక్కువ. అమ్మేవాళ్ళ కొటేషన్లోనూ ఆ పద్దు కనపడదు. కనపడితే ‘నాలుగు ఇనుప క్లాంపులు ఉచితం’ అని చివర్లో ఉంటుంది. మంగళగిలో ఇంటి వెనక రేకుల షెడ్డులో నేను నడుపుతున్నది రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న చిన్న మిషను. దాని మీద నేను తీసుకున్న డబ్బు నిర్ణయాల్లో ముఖ్యమైనవన్నీ ఆ రాయని పద్దు గురించినవే.

మా ఊరు బీదరు జిల్లాలో, హుమ్నాబాదు నుంచి జహీరాబాదు వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. 1956లో రాష్ట్రాలను విడదీసేదాకా జహీరాబాదు కూడా బీదరు జిల్లాలోదే. గీత పడ్డాక మేం ఇటు మిగిలాం, మేనమామ వాళ్ళు అటు. అందుకే నా పనికి గిరాకీ రెండు వైపుల నుంచీ ఉంది: ఇంటి ముందు పేరు పలకలు, దేవుడి గూటికి జాలీలు, తలుపు చెక్కల మీద లతలు, బడుల గోడలకు అక్షరాలు. దాదాపు అన్నీ చిన్న పనులు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాతి లెక్కంతా దీని మీదే ఆధారపడి ఉంది.

మిషను కొనే రోజుకు చేతిలో లక్షన్నర ఉంది. మొత్తం మిషనుకే పెట్టి ఉంటే ఇంకాస్త పెద్ద స్పిండిల్ వచ్చేది. నేను పదిహేను వేలు పక్కన పెట్టి, పుస్తకంలో వేరే పేజీ తీసి ‘బిగింపు’ అని రాసుకున్నాను. వడ్రంగం ఇంట్లో పెరిగినందువల్ల వచ్చిన బుద్ధి అది. చేతి ఉలికి చెక్క జారితే చేయి ఆపుతుంది. మిషనుకు ఆ తెలివి లేదు, నిమిషానికి పద్దెనిమిది వేల చుట్లు తిరుగుతూ ముందుకే పోతుంది. పైగా పొట్టు పైకి తోసే రకం బిట్టు వాడితే అది పొట్టుతో పాటు చెక్కనూ పైకి లాగుతుంది. పలక అర మిల్లీమీటరు కదిలినా అక్షరం అంచు పాడవుతుంది. అప్పుడు పోయేది కొన్ని వందల కార్బైడు బిట్టు ఒక్కటే కాదు. టేకు పలకా, చెప్పిన రోజుకు ఇస్తానన్న మాటా పోతాయి.

మొదట ఆశ పెట్టింది వాక్యూమ్ బల్ల. బల్ల నిండా సన్న రంధ్రాలు, కింద పంపు. చెక్క పెట్టి స్విచ్చి వేస్తే గాలి బరువే దాన్ని అదిమి పట్టుకుంటుంది. పంపు, బల్ల, పైపులు కలిపి లక్షకు దగ్గర ధర చెప్పారు. మా మామ జహీరాబాదులో వడ్రంగి, పీఎం విశ్వకర్మ పథకంలో పేరు నమోదు చేయించుకున్నాడు. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఆ పథకంలో పద్దెనిమిది చేతివృత్తుల వాళ్ళకు పనిముట్ల కోసం 15,000 రూపాయల సాయం, ఆపైన మొదటి విడతగా లక్ష రూపాయల దాకా అప్పు దొరుకుతాయి. వడ్డీ అయిదు శాతం, గడువు పద్దెనిమిది నెలలు. తాకట్టు అక్కర్లేదు.

‘‘అల్లుడా, గాలితోని వట్టుకునే బల్ల ఉన్నదట గదా. ఆ లక్ష తీసుకుందాం తియ్’’ అన్నాడు మామ.

‘‘అప్పు నీ పేరు మీద, మిషను నా షెడ్డుల. ఆషాఢంల కిస్తు ఎవలు గట్టాలె మామా?’’

‘‘మరి గట్లనే మేకులు గొట్టుకుంట గూసుంటవా?’’

‘‘గూసుంట.’’

మాట సరదాగానే ముగిసింది. లెక్క మాత్రం అప్పటికే వేసి పెట్టుకున్నాను. లక్షకు అయిదు శాతం చొప్పున పద్దెనిమిది నెలలంటే నెలకు సుమారు 5,780 రూపాయల కిస్తు. అయిదు శాతానికి బయట అప్పు పుట్టదు, ఆ మాట నిజం. కానీ వడ్డీ చవక కావడం వేరు, ఆ సామాను నా పనికి అక్కరకు రావడం వేరు. నా ఆదాయం గృహప్రవేశాల వెంట నడుస్తుంది. ఆషాఢంలో, భాద్రపదంలో పేరు పలకలు అడిగేవాళ్ళుండరు. కిస్తుకు మూఢం లేదు, శూన్యమాసం లేదు. అదీగాక మామ తన పని పెంచుకోవడానికి ఇచ్చే అప్పును నా మిషనుకు మళ్ళించడం నాకు నచ్చలేదు. ఆ కుటుంబానికి ఆ పథకం ఒక్కరి పేరు మీదే వస్తుంది.

కిస్తు కన్నా బలమైన అడ్డు ఇంకొకటుంది. సముద్ర మట్టం దగ్గర గాలి చదరపు సెంటీమీటరుకు కిలో పైన బరువు మోపుతుంది. మా బీదరు ప్రాంతం ఆరు వందల మీటర్లకు పైన ఉన్న పీఠభూమి కాబట్టి ఇక్కడ కిలో కన్నా కొంచెం తక్కువే. పంపు అందులో అంతా పీల్చలేదు. ఏడు వందల గ్రాములు దక్కుతాయనుకుందాం. ముప్పై సెంటీమీటర్ల పొడవు, పదిహేను వెడల్పు ఉన్న పలక మీద అది మూడు వందల కిలోలు దాటుతుంది. బాగానే ఉంది. అదే పలకలోంచి అక్షరాలు కోసి విడదీస్తే? ఒక అక్షరం అడుగు పది చదరపు సెంటీమీటర్లుంటే దాని మీద పడేది ఏడు కిలోలు. పక్కకు జారకుండా ఆపేది ఆ ఏడు కాదు, దాని వల్ల పుట్టే రాపిడి. అది రెండు కిలోలుంటే గొప్ప. బిట్టు తోపుకు అది చాలదు. పైగా చెక్కను ఆరపార కోసినచోటల్లా గాలి లోపలికి దూరి మిగతా పట్టు కూడా సడలుతుంది. పాత వాక్యూమ్ క్లీనర్ మోటారు పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. అది చదరపు సెంటీమీటరుకు పావు కిలో లాగితే ఎక్కువ. లోపలికి వచ్చే గాలితోనే చల్లబడే మోటారు గనుక, గాలి ఆగితే వేడెక్కి కాలిపోతుంది కూడా.

ఎనిమిదడుగులు, నాలుగడుగుల ప్లైవుడ్ షీట్లు పొద్దస్తమానం కోసే నగరపు కార్ఖానాకు వాక్యూమ్ బల్ల తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. అక్కడ పలకలు పెద్దవి, ఎక్కించి దించే వేగమే లాభం. నాకు కరెంటు పోయే బెడదా ఉంది. కరెంటు పోతే మిషనుతో పాటు పంపూ ఆగుతుంది, చెక్క ఉన్నచోటి నుంచి కదులుతుంది. టేపుతో అంటించిన చెక్క ఎక్కడిదక్కడే ఉంటుంది. కరెంటు వచ్చాక బల్ల మీద సున్నా గుర్తు మళ్ళీ పట్టుకుని పని సాగించవచ్చు.

టేపు అంటే రంగులు వేసేవాళ్ళు వాడే కాగితపు టేపు. బల్ల మీద ఒక పొర, చెక్క అడుగున ఒక పొర, మధ్యలో ఫెవిక్విక్ లాంటి జిగురు నాలుగు చుక్కలు. నిమిషంలో గట్టిపడుతుంది. పనయ్యాక పొట్టు ఒలిచినట్టు ఊడి వస్తుంది, చెక్కకు మచ్చ పడదు. అక్షరాలకు దీన్ని మించింది నేను చూడలేదు. ఖర్చు ఒక్కో పలకకు పది రూపాయల లోపే, కానీ ప్రతి పలకకూ అయిదు నిమిషాలు పడుతుంది. పైసలకన్నా నిమిషాలే ఖరీదు. అందుకే ఒకే కొలత పలకలు చాలా చేయాల్సి వస్తే తుక్కు ఎండీఎఫ్‌తో జిగ్ కడతాను: రెండు వైపుల ఆనే అంచు, మూడో వైపు తిప్పితే బిగిసే చెక్క బిళ్ళ. కట్టడానికి రెండు గంటలు. ఆ తర్వాత పలక పెట్టడానికి నిమిషం చాలు, అంటే పలకకు నాలుగు నిమిషాలు మిగులు. రెండు గంటలు తిరిగి రావాలంటే ముప్పై పలకలు కావాలి. ముప్పైకి లోపైతే టేపు, పైనైతే జిగ్. ఆర్డరు ఒప్పుకునేటప్పుడే ఈ ప్రశ్న అడుగుతాను, జిగ్ కట్టిన గంటల కూలి ధరలో కలుపుతాను. గిరాకీవాళ్ళు బేరమాడతారు, ఆడనీ.

ఇనుప క్లాంపులు ఉచితంగా వచ్చినవే అయినా వాడను. బిట్టు పొరపాటున తగిలితే రెండూ పోతాయి. గట్టి చెక్కతో కోసుకున్న క్లాంపులైతే పోయేది చెక్క ముక్కే. వీటికి వెనక కాలు చెక్క కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉండాలి, బోల్టు వెనక కాలికన్నా చెక్కకు దగ్గరగా ఉండాలి. అప్పుడే ఒత్తిడి చెక్క మీద పడుతుంది, లేకపోతే మనం బిగించేది వెనక కాలినే. కోత పడని మూలల్లో చిన్న స్క్రూలు దించడం ఇంకా చవక. మామ మేకులని ఎద్దేవా చేసింది వాటినే.

లెక్కల్లో నాకు బాగా నచ్చిన పద్దు బల్ల మీది ఎండీఎఫ్. మిషను ఇనుప చట్రం మీద పద్దెనిమిది మిల్లీమీటర్ల పలక పరిచి, దాని మీదే పని చేస్తాం. గీతలు పడ్డప్పుడు, వానాకాలం తేమకు ఉబ్బినప్పుడు మిషనుతోనే పైపొర అర మిల్లీమీటరు గీకి సమం చేస్తాను. పది మిల్లీమీటర్లకు తగ్గాక మారుస్తాను. అంటే పదహారు గీకుళ్ళు. పలక నాలుగు వందలు, గీకుడుకు పాతిక. ఆదాయపు పన్ను లెక్కలో యంత్రాల మీద ఏటా పదిహేను శాతం తరుగు రాసుకోవచ్చంటారు. ఆ తరుగు కాగితం మీదిది. ఎండీఎఫ్ తరుగు పొట్టు సంచిలో కళ్ళకు కనపడుతుంది. ఆ పాతిక రూపాయలు ఆ వారం పనుల మీద పంచి వేస్తాను.

నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. సరుకు అమ్మేవాళ్ళకు కర్ణాటకలో పరిమితి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. నేను రెంటికీ చాలా దూరం. కాకపోతే సరిహద్దు దాటించి సరుకు పంపితే, కొన్ని హస్తకళలకు తప్ప, పరిమితితో పని లేకుండా రిజిస్ట్రేషన్ కావాలి. అందుకని జహీరాబాదు గిరాకీ మా షెడ్డుకే వచ్చి పట్టుకుపోతుంది. రిజిస్ట్రేషన్ లేకపోతే కొన్న ప్రతి పనిముట్టు మీద కట్టిన 18 శాతం వెనక్కి రాదు. క్లాంపు ధర చూసేటప్పుడు పన్నుతో కలిపే చూస్తాను. చెక్కతో సొంతంగా చేసుకోవడానికి అది ఇంకో కారణం.

బీదరులో బిద్రీ పనివాళ్ళను చూసినప్పుడు నా లెక్క మీద ధైర్యం పెరిగింది. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపి పోత పోసిన పాత్రను మైనం పూసిన రాతి మీద నిలబెట్టి, చిన్న ఉలులతో చెక్కుతారు. ఆ గాడుల్లో వెండి తీగ దిగుతుంది. ఆఖరున బీదరు కోట మట్టి, నవాసారం కలిపి నల్లరంగు తెప్పిస్తారు. 2006లో భౌగోళిక గుర్తింపు పొందిన కళ, 2023లో షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ తెచ్చిన కళ. వస్తువును పట్టి ఉంచే సామాను రాయి, మైనం. మైనం కరిగించి మళ్ళీ వాడుకోవచ్చు. వాళ్ళ డబ్బంతా వెండిలో ఉంటుంది, ఉండాల్సింది అక్కడే.

ఇప్పుడు హుమ్నాబాదు నుంచి తలుపు చెక్కల పని ఒకటి వచ్చింది. ఆరడుగుల చెక్క, మూడడుగుల బల్ల. సగం చెక్కి, ముందుకు జరిపి మిగతా సగం చెక్కాలి. జరిపినప్పుడు గీత తప్పకూడదు. దీనికి టేపు పనికిరాదు. బల్ల పొడవునా రెండు అల్యూమినియం పట్టాలు, చెక్క అంచు ఆనడానికి ఒక నిలువు కడ్డీ, బయటికి వేలాడే సగానికి స్టాండు కావాలి. ఖరీదు అడిగి, చెక్క ధరతో పాటు దాన్నీ అడ్వాన్సులో కలిపి అడిగాను. ఇచ్చారు. పట్టాలు వచ్చేవారం వస్తాయి. పక్కన పెట్టిన పదిహేను వేలలో ఇంకా నాలుగు వేల చిల్లర మిగిలే ఉంది.