చెక్కపెట్టెలో చెరువు

నేను ప్లైవుడ్డుతో చేస్తున్న చేపల తొట్టి ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. నిండితే 900 లీటర్లు, అంటే ఇంచుమించు 900 కిలోలు. ఇంత బరువు ప్లైవుడ్డు మోస్తుందా అని మా ఆవిడ అనుమానం. నిజానికి గోడ మీద పడే ఒత్తిడి మొత్తం బరువునో తొట్టి పొడవునో బట్టి కాదు, నీటి లోతును బట్టి ఉంటుంది.

అద్దం ముందువైపు ఒక్కటే. దాన్ని చట్రానికి లోపలి నుంచి అతికించాలి. అప్పుడు నీరే దాన్ని సిలికాన్ మీదకి అదిమి పట్టుకుంటుంది. దొంగ చేతే కాపలా కాయించడమన్నమాట! మిగతా చెక్కకంతా ఎపాక్సీ పూతలు. మూలల్లో ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి, బుడగలు పోయేదాకా బ్రష్షుతో నొక్కాలి. సూదిమొనంత సందు దొరికినా చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది. సిలికాన్ ఆరేదాకా ఇల్లంతా వెనిగర్ వాసన.

కొట్లో కొనుక్కోవచ్చుగా అంటారు. కొనుక్కోవచ్చు. ఇంట్లో రంపప్పొట్టు రాలదు, అంతే.