పోలో పుట్టిన చోట పొట్టిగుర్రం

ఇంఫాల్ విమానాశ్రయంలో దిగాక బయటి రాష్ట్రాల వాళ్లు ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాలి. బల్ల వెనక కూర్చున్న ఉద్యోగి నా ఆధార్ కార్డు తిప్పి చూసి, ఏ పని మీద వచ్చారని హిందీలో అడిగాడు. గుర్రాలు చూడడానికన్నాను. "ఆడే గుర్రాలా, రోడ్డు మీద తిరిగే గుర్రాలా?" అంటూ ముద్ర వేసి కాగితం చేతిలో పెట్టాడు. ఆ రెండూ ఒకటేనని సాయంత్రానికల్లా తెలిసింది.

అది జనవరి. 2023 మేలో మణిపూర్‌లో మొదలైన ఘర్షణలకు ముందటి మాట. పొద్దున పొగమంచు, మధ్యాహ్నం పల్చటి ఎండ. ఊళ్లోకి వచ్చే దారిలో నా ఆటో ఒక్కసారిగా నెమ్మదించింది. రోడ్డు మధ్య డివైడరు మీద గోధుమరంగు గుర్రం ఒకటి తలొంచుకుని గడ్డి కొరుకుతోంది. అటూ ఇటూ స్కూటర్లు, లారీలు, హారన్లు. దాని చెవి కూడా కదల్లేదు. నేను హైదరాబాదులో స్వారీ నేర్చుకున్నది రేసుల నుంచి తప్పుకున్న థరోబ్రెడ్ జాతి గుర్రాల మీద. గాలికి ఒక ప్లాస్టిక్ కవరు ఎగిరితే అవి పక్కకు దూకేవి. వాటి వీపున కూర్చున్నంతసేపూ ముందు ఏం కనిపిస్తుందో, దేనికి బెదురుతుందో అని రౌతు కళ్లే వెతుకుతుండేవి. ఈ గుర్రం నిబ్బరం చూశాక ఆటో దిగి నడుచుకుంటూ వెళ్లాలనిపించింది.

గుర్రాల ఎత్తు 'చేతుల్లో' కొలుస్తారు. ఒక చెయ్యి అంటే నాలుగు అంగుళాలు. మణిపురి గుర్రం పదకొండు నుంచి పదమూడు చేతులు, అంటే మూపు దగ్గర నాలుగున్నర అడుగులు కూడా దాటదు. థరోబ్రెడ్ సుమారు పదహారు చేతులుంటుంది. మన దేశంలో గుర్తింపు పొందిన గుర్రపు జాతుల్లో మార్వారీ, కఠియావాడీ అందగత్తెలు. స్పితి, జన్‌స్కారీ, భూటియా కొండదారుల్లో బరువులు మోసేవి. మణిపురి వేరు. దాన్ని బండికి కట్టలేదు, నాగలికి కట్టలేదు. తరతరాలుగా దాని పని రౌతును మోయడమే. యుద్ధంలో మోసింది, ఆటలో మోసింది. పద్దెనిమిదో శతాబ్దంలో గరీబ్ నివాజ్ రాజు బర్మా మీదికి దండెత్తింది ఈ గుర్రపు దళంతోనే. ఈ జాతి స్వభావం గురించి మాట్లాడేటప్పుడు నేను ముందు చెప్పేది ఇదే. వందల ఏళ్లపాటు ఎంపిక జరిగింది రూపానికి కాదు, బరువు లాగే బలానికీ కాదు. కర్ర తిప్పే మనిషిని వీపున పెట్టుకుని గుంపులోకి దూసుకెళ్లే గుండెకు.

మర్నాడు మాపల్ కాంగ్‌జైబుంగ్‌కు వెళ్లాను. ప్రపంచంలో ఇప్పటికీ ఆట సాగుతున్న పోలో మైదానాల్లో అతి పాతదిగా దీనికి పేరు. కాంగ్లా కోటకు కూతవేటు దూరం. కోటలోపల రాజకుటుంబం ఆడుకునే మైదానం వేరే ఉండేది, ఇది ఊరందరిదీ. దగ్గర్లోనే వీర టికేంద్రజిత్ పార్కు. 1891లో ఆంగ్లేయులతో జరిగిన యుద్ధం తర్వాత ఆ యువరాజును ఉరితీసింది అక్కడే. ఆయన తన కాలంలో పేరున్న పోలో ఆటగాడు. విమానాశ్రయానికి ఆయన పేరే.

మణిపూర్ నుంచి వలస వెళ్లినవాళ్లు అస్సాంలోని కచార్‌లో ఈ ఆట ఆడుతుంటే జోసెఫ్ షెరర్ అనే ఆంగ్లేయ అధికారి చూసి ముచ్చటపడ్డాడు. రాబర్ట్ స్టివార్ట్‌తో కలిసి 1859లో సిల్చర్‌లో పోలో క్లబ్బు పెట్టాడు. అక్కడి నుంచి కలకత్తా, ఆ తర్వాత ఇంగ్లండు, ఆపైన ప్రపంచం. మొదట్లో ఆట గుర్రాలకు ఎత్తు పరిమితి ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దాన్ని ఎత్తేశారు. అప్పటి నుంచి పెద్ద గుర్రాలదే రాజ్యం. ఈనాటికీ ఆట గుర్రాన్ని ఎంత ఎత్తున్నా పోనీ అనే పిలుస్తారు. ఆటను లోకానికిచ్చిన అసలు పోనీకి మాత్రం ఇంఫాల్ దాటితే చోటు లేదు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఆ రోజు మైదానంలో ముందు సగోల్ కాంగ్‌జై, అంటే వాళ్ల సంప్రదాయపు ఆట. జట్టుకు ఏడుగురు. గోల్ స్తంభాలుండవు, అవతలి గీత దాటిస్తే గోలు. బంతి వెదురు దుబ్బు వేరుతో చేసింది, కర్ర బెత్తం. తలపాగాలు, మోకాళ్లపైకి బిగించిన పంచెలు. కాళ్లకు దెబ్బ తగలకుండా జీనుకు రెండు పక్కలా వెడల్పాటి తోలు రెక్కలు. గుర్రానికి కూడా దెబ్బ తగిలే చోట్ల ఊలు కుచ్చులు వేలాడదీశారు. మధ్యవర్తి బంతిని గాల్లోకి విసిరాడు. పద్నాలుగు గుర్రాలూ ఒకే చోటికి వచ్చి పడ్డాయి.

అప్పుడు నేను చూసింది బంతిని కాదు, గుర్రాల చెవుల్ని. బెదిరిన గుర్రం చెవులు వెనక్కి పడేస్తుంది, కళ్లు తెల్లబడతాయి, రౌతు ఎంత అదిలించినా గుంపు అంచు దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ కర్రలు ఒకదానికొకటి తగిలి ఠపఠపమంటున్నాయి, భుజాలు భుజాలకు రాసుకుంటున్నాయి. ఒక్క గుర్రం చెవి కూడా వెనక్కి పడలేదు. బంతి ఎటు పోతే అటు తిరుగుతున్నాయి. నిండు దౌడులో ఉన్నది రెండు అడుగుల్లో ఆగి, ఉన్నచోటే తిరిగి, మళ్లీ దౌడు అందుకుంటోంది. పొడుగు కాళ్ల గుర్రం అలా తిరగాలంటే ఎంతో చోటు కావాలి.

తర్వాత ఆడవాళ్ల ఆట. జనవరి 21 మణిపూర్ రాష్ట్రావతరణ దినం. ఆ సందర్భంగా 2016లో మహిళల పోలో పోటీలు మొదలుపెట్టారు. ఇతర దేశాల నుంచి వచ్చిన ఆటగత్తెలూ ఈ గుర్రాల మీదే ఆడాలి. పొడుగాటి విదేశీ అమ్మాయి ఒకతె జీనెక్కితే ఆమె పాదాలు గుర్రం పొట్ట కిందికి వేలాడాయి. మొదట్లో తన దేశపు అలవాటుతో పగ్గాలు గట్టిగా పట్టి, మడమలతో పొడిచింది. గుర్రం తల ఎగరేసింది, మాట వినలేదు. ఎదుటి జట్టులోని మణిపురి అమ్మాయి ఎడమచేతి వేళ్లతోనే పగ్గాలు పట్టుకుని, నడుము కొంచెం వంచి మలుపులు తిప్పుతోంది. ఆట చివరికి వచ్చేసరికి విదేశీ అమ్మాయి చెయ్యి కూడా వదులైంది, గుర్రం పరుగూ సాఫీ అయింది.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన సామెత. ఈ జాతి దగ్గర అది చెల్లదు. మెత్తని చేతి కింద ఇది నాలుగు కాళ్లతోనూ పరిగెత్తుతుంది.

ఎక్కి చూడాలన్న కోరిక తీర్చింది ఒకనాటి ఆటగాడు. అందరూ ఆయన్ని ఓజా అంటారు, గురువని. నేనూ అలాగే పిలిచాను. ఆయన నా పేరు కంటే ముందు బరువు అడిగారు. చెప్పాను. తల ఊపి, లాయంలోంచి పన్నెండు చేతుల ఆడ గుర్రాన్ని తీసుకొచ్చారు. చిన్న చెవులు, విశాలమైన ఛాతీ, బలమైన దవడలు.

"రౌతు, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదమ్మా. చిన్న గుర్రం ఎదురు చెప్పదు, మోస్తుంది. మోసింది కదా అని ఎక్కించకూడదు. నడుం పోయాక తెలిసి ఏం లాభం?" అన్నారు.

"ఓజా, దీనికి కోపం వస్తుందా?"

"నోరు నొప్పి పుడితే వస్తుంది. పగ్గం లాగకండి. ఎటు వెళ్లాలో అటు చూడండి, మీ ఒళ్లు తిరిగితే అదే తిరుగుతుంది."

అలాగే జరిగింది. నేను కుడివైపు చెట్టు చూశాను, గుర్రం కుడికి తిరిగింది. అడుగులు పొట్టివి, వడివి. పెద్ద గుర్రం మీద అలవాటైన ఊగుడు లేదు, ఉలితో చెక్కినట్టు గబగబా తాళం. దుడుకు నడకలో తొడలు పట్టేశాయని ఒప్పుకోవాలి. కానీ దౌడు అందుకోగానే ఒళ్లు కుదురుకుంది. నేల దగ్గరగా ఉండడంతో పడతానన్న భయం లేదు. ఇంతలో పక్క గట్టు మీద మరో గుర్రం పరుగు తీసింది. నా గుర్రం నన్నడక్కుండానే వేగం పెంచింది. "పోటీ చూస్తే ఆగదు" అని ఓజా వెనక నుంచి కేక వేశారు. ఇదీ దాని స్వభావంలో భాగమే. నడకకు ఎవరైనా ఎక్కొచ్చు. ఆటలో మాత్రం వీపు మీద నిలకడగా కూర్చోవడం వచ్చిన రౌతు కావాలి, ఎందుకంటే ఆ గుర్రానికి ఆట తెలుసు, అది ఎవరి కోసమూ ఆగదు.

ఇంకొక సంగతి ఆయనే చెప్పారు. పోటీలు లేని రోజుల్లో చాలామంది గుర్రాల్ని విడిచిపెట్టేస్తారు. మళ్లీ పోటీలు దగ్గరపడ్డాక పట్టుకొచ్చి, కొన్నాళ్లు మచ్చిక చేసి, జీను కడతారు. ఆ మొదటి రోజుల్లో చెయ్యి పెట్టనివ్వవు. తిండి పెట్టి పక్కన నిలబడితే త్వరగానే తిరిగొస్తాయి. తాము పుట్టి పెరిగిన చోటి మనుషుల మీద వాటికి నమ్మకం పోదు.

విడిచిపెడితే ఎక్కడికి వెళ్తాయి? ఒకప్పుడైతే లాంఫెల్‌పాట్‌కు. ఇంఫాల్ పడమటి వైపున్న చిత్తడినేల అది. ఓజాతో కలిసి అక్కడికీ వెళ్లాను. వానాకాలంలో నీళ్లు, మిగతా కాలం గడ్డి. పొట్టదాకా నీళ్లలో నిలబడి మేయడం ఈ గుర్రాలకు అలవాటు. ఇప్పుడు ఆ నేలలో పెద్ద భాగం మీద ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రి, కాలనీలు. మిగిలిన చోట కొన్ని గుర్రాలు మేస్తున్నాయి. మిగిలినవి ఊళ్లోకి వస్తాయి, చెత్తకుండీల దగ్గర ప్లాస్టిక్‌తో సహా తింటాయి, పొలాల్లో పడి దెబ్బలు తింటాయి. లారీ వస్తున్నా తప్పుకోవు. మొదటి సాయంత్రం రోడ్డు మధ్యలో నేను మెచ్చుకున్న ఆ నిబ్బరమే వాటి ప్రాణం తీస్తోంది. కర్రల మధ్య బెదరకుండా ఉండడానికి పెంచిన గుండె, బండ్ల మధ్య కూడా బెదరదు.

2003 పశుగణనలో మణిపూర్‌లో 1,898 గుర్రాలున్నాయి. 2012కు 1,101. 2019లో 1,089. రాష్ట్ర ప్రభుత్వం 2013లో దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది, 2016లో సంరక్షణ విధానం తెచ్చింది. కాగితం మంచిదే, మేత భూమి కావాలి. దానికన్నా ముందు రౌతులు కావాలి. రౌతును మోయడం తప్ప వేరే పని లేని జాతికి రౌతు లేకపోతే దాణా పెట్టేవాడు ఎందుకుంటాడు? నాతో మాట్లాడిన ఆటగత్తెల్లో ఎవరికీ సొంత గుర్రం లేదు. యజమాని ఎరువిస్తే ఆడతారు. వాళ్లు ఆడుతున్నన్నాళ్లు ఆ యజమాని గుర్రాన్ని ఉంచుకుంటాడు. అందుకే ఆ ఆడపిల్లల పోటీ నాకు వేడుకగా కనిపించలేదు, ఈ జాతిని నిలబెడుతున్న పనిగా కనిపించింది.

చివరిరోజు హైన్‌గాంగ్ కొండెక్కాను. గుర్రానికీ పోలోకూ అధిదేవుడైన మర్జింగ్ కొలువున్న చోటు. గుర్రం మీద పోలో ఆడుతున్న 120 అడుగుల కొత్త విగ్రహం అక్కడే. విగ్రహం గొప్పగానే ఉంది. నేనైతే దాని నీడలో మేసే గుర్రాల కోసమే చూశాను.

ఇంఫాల్ వెళ్లేవాళ్లకు ఒక మాట. నవంబరు చివర్లోగానీ జనవరిలోగానీ వెళ్లండి, మాపల్ కాంగ్‌జైబుంగ్‌లో ఆట ఉంటుందో లేదో ముందే కనుక్కోండి. స్వారీ చేయాలనుంటే స్థానిక ఆటగాళ్లను అడగండి, అడిగిన డబ్బు బేరమాడకుండా ఇవ్వండి, అది దాణాకే పోతుంది. పిల్లలకూ తేలికైన పెద్దలకూ ఇంతకంటే తెలివైన, నమ్మకమైన గుర్రం మన దేశంలో నేనైతే చూడలేదు. బరువైనవాళ్లు మాత్రం గట్టు మీద కూర్చుని చూడండి. దయచేసి ఎక్కకండి.