అనువృత్తి తెగిన బొమ్మ

తెరపై బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటే సంభాషణ అంత చక్కగా సాగుతుందని చాలామంది అభిప్రాయం. వీడియో కాల్ విషయంలో ఇది అన్నివేళలా నిజం కాదు. జీవితమంతా వ్యాకరణం బోధించినవాణ్ణి కనుక, ఆ కారణాన్ని నాకు తెలిసిన దారిలోనే మనవి చేస్తాను.

తెరమీది బొమ్మ చుక్కల సముదాయం. 360పి అనే రిజల్యూషన్‌లో అడ్డంగా 640, నిలువుగా 360, వెరసి 2,30,400 చుక్కలు. 720పిలో అడ్డం 1280 కనుక 9,21,600. పేరులోని అంకె రెండింతలైతే చుక్కలు నాలుగింతలవుతాయన్నమాట. చుక్కకు 24 బిట్లు, సెకనుకు 30 బొమ్మలు చొప్పున లెక్కిస్తే, 720పికి సెకనుకు 66 కోట్ల బిట్లు పైచిలుకు పంపాలి. మన ఇళ్ళలోని కనెక్షన్లలో అధికభాగం ఆ బరువు మోయలేవు.

మరి బొమ్మ ఎలా వస్తున్నది? పాణిని ఉపాయంతోనే! అష్టాధ్యాయిలో ఒక సూత్రంలో చెప్పిన పదాన్ని తరువాతి సూత్రాలలో మళ్ళీ చెప్పడు. అది అనువృత్తమై వస్తుంది. వీడియోను కుదించే కోడెక్ కూడా ఒక బొమ్మను పూర్తిగా పంపి, ఆపై మారిన అంశాన్నే చెబుతుంది. వెనుకనున్న గోడ, గోడమీది క్యాలెండరు అనువృత్తి; కదిలే పెదవులు కొత్త సూత్రం. కంటికి అంతగా ఆనని సూక్ష్మాలను విడిచిపెట్టడం మరొక లాఘవం. ఈ విధంగా 66 కోట్లు సుమారు 12 లక్షలకు దిగివస్తాయి.

అయితే పూర్వసూత్రం జారిపోతే తరువాతివి అన్వయించవు కదా! బ్యాండ్‌విడ్త్ చాలక సమాచారపు ప్యాకెట్లు దారిలో పోయినప్పుడు ముఖం గళ్ళుగళ్ళుగా చెదరడానికి కారణమిదే. మళ్ళీ పూర్తి బొమ్మ వచ్చేదాకా అది కుదుటపడదు. అంతకంటె నష్టమేమంటే, మాటా బొమ్మా పోయేది ఒకే దారిన. బొమ్మ దారంతా ఆక్రమిస్తే మాట కూడా ఆలస్యమవుతుంది, తునకలవుతుంది. నిజానికి మాట కోరేది స్వల్పం. 2012లో ప్రమాణంగా వెలువడిన ఓపస్ అనే కోడెక్‌తో సెకనుకు 30 వేల బిట్లుంటే కంఠం చక్కగా వినిపిస్తుంది. పై 12 లక్షలలో అది నలభయ్యో వంతు.

ప్రతి ఆదివారం అమెరికాలో ఉన్న మనవరాలికి తెలుగు పాఠం చెబుతాను. అక్కడి బడిలో దానికి ళకార ణకారాలు వినబడవు. వారానికి ఈ ఒక్క గంటే ఆధారం. ఒకనాడు నా ముఖం తెరపై నిగనిగలాడుతుండగానే, "తాతయ్యా, కల అన్నావా, కళ అన్నావా?" అని అడిగింది. నోటిలోపల నాలుక మడతపడటం ఏ రిజల్యూషన్‌లోనూ కనిపించదు, చెవితోనే పట్టుకోవాలి. అందుకే సెట్టింగులలో హెచ్‌డీని ఆపి, 360పితో పాఠం సాగిస్తున్నాను.

మీరూ దూరదేశాల్లోని పిల్లలతో మాట్లాడేవారైతే ఒక మాట గుర్తుంచుకోండి. వారికి చేరే మీ బొమ్మ, మీ మాట మీ అప్‌లోడ్ వేగాన్ని బట్టి ఉంటాయి. డౌన్‌లోడ్ వేగం ఎంత ఘనమైనా అందుకు అక్కరకు రాదు. దారి ఇరుకైనప్పుడు ముందు బొమ్మనే తగ్గించండి. ముఖం కాస్త మసకబారినా మనవరాలు తాతను గుర్తుపడుతుంది. ళకారాన్ని మాత్రం అది ఇంకెక్కడ వింటుంది?